‘జాగ్రత్తగా ఉండండి’ అన్నది చికిత్స కాదు

ఆన్‌లైన్ మోసానికి గురై సొమ్ము పోగొట్టుకున్న వ్యక్తి గురించి దినపత్రికలో వార్త రాగానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఆశకు పోయి ఉంటాడు" అన్నది మొదటిది. "చదువుకున్నవాడై ఉండి ఆ మాత్రం తెలియదా?" అన్నది రెండవది. తీర్పు అక్కడితో ముగుస్తుంది. దొంగ ఎవరో, ఎక్కడివాడో, ఆ సొమ్ము ఎవరి ఖాతాల గుండా దాటిపోయిందో అడిగేవారు ఉండరు. బోనులో నిలబడేది సొమ్ము పోయినవాడే. ఈ రెండు మాటలూ తప్పని, అవి మోసగాళ్లకే మేలు చేస్తున్నాయని, మోసపోయినవారి ఆరోగ్యాన్ని, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్ని కూడా బలి తీసుకుంటున్నాయని ఇక్కడ వాదించదలచాను.

ఆరోగ్య విషయాలు వ్రాసే వైద్యునికి సైబర్ నేరాలతో పనేమిటని మీరు అడగవచ్చు. ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి దాచుకున్న పదవీ విరమణ సొమ్ము ఒక్క మధ్యాహ్నంలో మాయమైన మనిషిని తలచుకోండి. ఆ రాత్రి నుండి అతనికి నిద్ర ఉండదు. ఆకలి చచ్చిపోతుంది. అంతవరకు అదుపులో ఉన్న రక్తపోటు, మధుమేహం అదుపు తప్పుతాయి. మందులు కొనడానికి డబ్బు లేక కొందరు, బ్రతకాలన్న ఆసక్తి లేక కొందరు మాత్రలు మానేస్తారు. సిగ్గుతో గడప దాటనివారు ఉన్నారు, ఆత్మహత్య దాకా వెళ్లినవారూ ఉన్నారు. ఇది ఆరోగ్య సమస్య కాదని ఏ వైద్యుడు అనగలడు?

దీని విస్తృతి ఎంతో చూడండి. సైబర్ ఆర్థిక మోసాలలో మన దేశ ప్రజలు పోగొట్టుకున్న మొత్తం 2023లో 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్లు. కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలివి. పెట్టుబడి మోసాలు, ఫిషింగ్, ‘డిజిటల్ అరెస్ట్’ వంటివన్నీ ఇందులో కలిసే ఉన్నాయి. ఒక జ్వరం ఏడాదిలో మూడు రెట్లు పెరిగితే, రోగుల తెలివితక్కువతనమే దానికి కారణమని వైద్య శాఖ ప్రకటిస్తే మనం ఊరుకుంటామా? ఒక దేశ ప్రజల తెలివి ఏడాదిలో మూడవ వంతుకు పడిపోదు. మారింది మరేదో ఉంది. దానిని వెదకాలి.

ఎర ఆశ కాదు, విధేయత

ఫిషింగ్ అనే మాట 1990ల మధ్యకాలంలో పుట్టింది. అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థ ఖాతాదారులకు, తాము ఆ సంస్థ ఉద్యోగులమని సందేశాలు పంపి కొందరు పాస్‌వర్డులు రాబట్టేవారు. చేపలు పట్టడమని అర్థమిచ్చే ఆంగ్ల పదంలో అక్షరం మార్చి ఆ పనికి ఈ పేరు పెట్టారు. ముప్ఫై ఏళ్లు గడిచినా కిటుకు మారలేదు. మీరు నమ్మే సంస్థ వేషం వేయడం, మీ చేతితోనే తలుపు తీయించడం.

మన ఊళ్లలో తిరుగుతున్న ఎరలను పరిశీలించండి. "గత నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు నిలిపివేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి." "మీ కేవైసీ గడువు ముగిసింది, ఈ రోజే పూర్తి చేయకపోతే ఖాతా నిలిచిపోతుంది." వాహనంపై చలానా ఉందంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు, రైతుకు పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు, శుభలేఖ పేరుతో మరొక ఫైలు. పెన్షనరుకు "మీ లైఫ్ సర్టిఫికెట్ నమోదు కాలేదు, వచ్చే నెల పెన్షన్ రాదు" అని ఫోన్. ఆ ఫోన్ చేసినవాడు పెన్షనరు విరమణ తేదీని, పీపీఓ నంబరును ముందే చదివి వినిపించిన సందర్భాలు ఉన్నాయి. అన్ని వివరాలు తెలిసినవాడు కార్యాలయం మనిషి కాక ఇంకెవరని ఆ పెద్దాయన అనుకుంటే, అందులో తెలివితక్కువతనం ఏముంది?

రోగుల మీద కూడా వల వేస్తున్నారు. పెద్దాసుపత్రిలో అపాయింట్‌మెంట్ కోసం ఇంట్లోవారు గూగుల్‌లో నంబరు వెదుకుతారు. అక్కడ కనిపించే నంబరు దొంగ పెట్టినది. అవతలి గొంతు మర్యాదగా మాట్లాడి, నమోదు రుసుము అయిదో పదో రూపాయలని చెప్పి లింకు పంపుతుంది. పది రూపాయలే కదా అని వివరాలు నింపుతారు. మరునాటికి ఖాతా ఖాళీ. నొప్పితో మూలుగుతున్న మనిషిని పక్కన పెట్టుకొని చేసిన పని అది.

వీటిలో ఆశ ఎక్కడుంది? బిల్లు సకాలంలో కట్టాలన్న బుద్ధి, చలానా బాకీ ఉండకూడదన్న బుద్ధి, ప్రభుత్వం అడిగిన కాగితం వెంటనే ఇవ్వాలన్న బుద్ధి మాత్రమే ఉన్నాయి. నెలలో సొమ్ము రెట్టింపవుతుందని, లాటరీ తగిలిందని చెప్పే మోసాలలో ఆశే ఎర అన్నది నిజం. కాని ఫిషింగ్ వలలో ఎక్కువగా చిక్కేవాడు ఆశపోతు కాడు. జీవితమంతా నియమాలు తప్పకుండా బ్రతికిన విధేయుడైన పౌరుడు.

భయపడిన మెదడుకు డిగ్రీలతో పని లేదు

ఇక చదువు మాట. ప్రమాదం ముంచుకొచ్చిందని తోచినప్పుడు మెదడులోని అమిగ్డలా అనే భాగం ముందు మేల్కొంటుంది. అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలోకి విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, దృష్టి ఒక్క విషయం మీదికి కుంచించుకుపోతుంది. ఆగి, లాభనష్టాలు బేరీజు వేసే పని నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ భాగానిది. భయం తీవ్రమైనకొద్దీ దాని పట్టు సడలుతుంది. పాము కనబడినప్పుడు దాని జాతిని గురించి ఆలోచించకుండా వెనక్కు గెంతడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. మోసగాడు చేసేదల్లా ఫోనులో పామును చూపించడం. ‘ఈ రాత్రికే’, ‘పది నిమిషాలలో’, ‘ఎవరికీ చెప్పకండి’ అనే మాటలన్నీ ఆ పని కోసమే పుట్టాయి. మొదటి రెండూ ఆలోచించే వ్యవధిని తీసివేస్తాయి, మూడవది ఆలోచన చెప్పేవారిని తీసివేస్తుంది.

2024లో లుధియానాకు చెందిన ఒక ప్రముఖ వస్త్ర పరిశ్రమాధిపతిని నకిలీ సుప్రీంకోర్టు విచారణను వీడియోలో చూపించి ఏడు కోట్ల రూపాయలకు మోసగించారు. వేల మందికి జీతాలిచ్చే సంస్థను నడిపిన వ్యక్తి ఆయన. ఆయనకు లేని లోకజ్ఞానం గుడివాడలోనో, సిద్దిపేటలోనో ఒంటరిగా ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలికి ఉండాలని ఏ న్యాయంతో అంటున్నాము?

అవతలి పక్షం బలమెంతో కూడా తెలుసుకోండి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ప్రకటించిన నివేదిక ప్రకారం మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని నిర్బంధించి వారిచేత బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయిస్తూ ఉండవచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన యువకులను కంబోడియాకు తరలించిన ముఠా గుట్టును 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. స్వచ్ఛమైన తెలుగులో మాట్లాడే ఆ గొంతు ఒక బందీది కూడా కావచ్చు. ఒక పక్క పరిశ్రమగా మారిన నేరం, మరొక పక్క చేతిలో ఫోను పట్టుకొని నిలబడిన ఒంటరి మనిషి. ఈ పోరాటంలో ఆ మనిషికి మనం ఇచ్చిన ఆయుధం ‘జాగ్రత్త’ అనే ఒక్క మాట.

దొంగకు ఈ భాష నేర్పినదెవరు?

బ్యాంకుల నుండి, సంస్థల నుండి మీకు వచ్చే అసలైన సందేశాలను ఒకసారి తెరిచి చదవండి. "వెంటనే కేవైసీ పూర్తి చేయండి, లేనిచో మీ ఖాతా సేవలు నిలిచిపోవచ్చు." కింద పొట్టి లింకు. రుణం తీసుకోండని ఒక లింకు, కార్డు తీసుకోండని మరొక లింకు. అదే గొంతు, అదే తొందర, అదే బెదిరింపు. ఏళ్ల తరబడి లింకు నొక్కడం మనకు అలవాటు చేసినవారే, దొంగ పంపిన లింకు నొక్కిన రోజున "లింకులు నొక్కవద్దని చెప్పాం కదా" అంటున్నారు. కలుషిత నీటిని కొళాయిలో వదిలి, కాచుకొని త్రాగలేదని రోగిని తప్పుపట్టడం వంటిదిది.

1854లో లండన్ నగరంలోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు సంభవించిన ఇళ్లను గుర్తించి, వాటిలో అత్యధికం ఒకే చేతిపంపు చుట్టూ ఉన్నాయని చూపించాడు. స్థానిక అధికారులు ఆ పంపు పిడిని తీయించారు. పరిశుభ్రంగా ఉండండని వీధివీధినా చాటింపు వేయించి అంతటితో ఊరుకోలేదు. ప్రజారోగ్య శాస్త్రం విద్యార్థులకు ఈనాటికీ బోధించే పాఠమిది. మన సైబర్ రక్షణలో చాటింపు ఉంది. పంపు పిడి తీసే పనే మందకొడిగా సాగుతోంది.

అది అసాధ్యమైన పని కాదు. సింగపూరులో బ్యాంకు పేరుతో వచ్చిన నకిలీ సందేశాల వల్ల అనేకులు నష్టపోయిన తరువాత, 2022 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థ ఖాతాదారులకు పంపే ఎస్సెమ్మెస్‌లలో, ఈమెయిళ్లలో లింకులే ఉండరాదని బ్యాంకులను ఆదేశించింది. కొత్త ఫోనులో బ్యాంకు టోకెన్ పనిచేయడానికి కనీసం 12 గంటల విరామం ఉండాలని కూడా చెప్పింది. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుండి, మోసగాని మాట నమ్మి సొమ్ము బదిలీ చేసినవారికి 85,000 పౌండ్ల వరకు తిరిగి చెల్లించే బాధ్యతను చట్టబద్ధం చేశారు. ఆ భారాన్ని సొమ్ము పంపిన బ్యాంకు, సొమ్ము అందుకున్న బ్యాంకు చెరిసగం భరించాలి. ఈ రెండవ సగమే కీలకం. దొంగ సొమ్ము గాలిలోకి పోదు, ఏదో ఒక ఖాతాలోకే పోతుంది. ఆ కిరాయి ఖాతా తెరిచిన బ్యాంకుకు నష్టం తగిలితేనే అటువంటి ఖాతాలు తెరిచే ముందు ఆ బ్యాంకు ఆలోచిస్తుంది.

మన రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు తప్పు గాని ఖాతాదారు తప్పు గాని లేకుండా సొమ్ము పోయినప్పుడు మూడు పనిదినాలలో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. కాని రహస్య వివరాలు తానే పంచుకున్నాడని తేలితే, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు పోయినదంతా అతని నెత్తినే పడుతుంది. ఖాతాదారుని బాధ్యతను రుజువు చేయవలసిన భారం బ్యాంకుదేనని అదే ఉత్తర్వు చెబుతోంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది కౌంటరు దగ్గర విన్న మొదటి ‘కాదు’తోనే ఇంటికి తిరిగి వస్తున్నారు. మీరు రావద్దు. వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, వ్రాతపూర్వకంగానే జవాబు అడగండి.

మేలు జరగలేదని కూడా అనను. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే చిరునామాకు 2025 అక్టోబరు 31లోగా మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. బ్యాంకులు సేవల కోసం చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లను కేటాయించారు. ఇవి పంపు పిడి మీద చేయి వేసే పనులు. అంతటితో ఆగకూడదు. సందేశాలలో లింకులు పూర్తిగా మానాలి. వృద్ధుల ఖాతా నుండి కొత్తవారికి పెద్ద మొత్తం వెళ్లే ముందు కొన్ని గంటల విరామం ఉండాలి. కిరాయి ఖాతాలు తెరిచిన బ్యాంకు నష్టంలో వాటా భరించాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతినిధిని, బ్యాంకు ఖాతాదారుల సమావేశంలో మేనేజరును ఈ మూడింటి గురించి ప్రశ్నించండి.

మరి మన బాధ్యత?

అయితే ప్రజలకు ఏ బాధ్యతా లేదా అని మీరు అడుగుతారు. ఉంది. నీటి శుద్ధి ప్రభుత్వం పని అయినంత మాత్రాన చేతులు కడుక్కోవడం మానము. కాని ఏది ఎందుకో తెలిసి చేసే జాగ్రత్తే నిలబడుతుంది.

మొదటిది, ఎదుటివాడు చూపిన దారిలో పోవద్దు, మీకు తెలిసిన దారిలో మీరే వెళ్లండి. బ్యాంకు నుండి ఫోన్ వస్తే పెట్టేసి, కార్డు వెనుక ఉన్న నంబరుకు మీరే చేయండి. కరెంటు కార్యాలయం నంబరు పాత బిల్లు మీద, ఆసుపత్రి నంబరు పాత చీటీ మీద ఉంటుంది. గూగుల్‌లో వెదకవద్దు. పెన్షన్ కార్యాలయం ఫోన్ చేసి, ఓటీపీ అడిగి లైఫ్ సర్టిఫికెట్ నమోదు చేయదు.

రెండవది, చిరునామాలో ఇంటిపేరు చూడండి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ చిరునామాలో చివర ఉంటుంది. జంట గీతల తరువాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుండి వెనక్కు చదవండి. ‘డాట్ కామ్’కో, ‘డాట్ ఇన్’కో, బ్యాంకులకైతే ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కో సరిగ్గా ముందున్న మాటే దాని అసలు యజమాని. అంతకుముందు ఎన్ని బ్యాంకుల పేర్లు ఉన్నా అవి ఎవరైనా తగిలించుకోగల ముద్దుపేర్లు. పక్కన కనిపించే తాళం గుర్తు మీ మాటలు దారిలో ఎవరూ వినలేరని మాత్రమే చెబుతుంది. అవతల ఉన్నవాడు మంచివాడని చెప్పదు. దొంగల వెబ్‌సైట్లకూ తాళాలు ఉంటాయి.

మూడవది, పేరు చివర ‘ఏపీకే’ అని ఉన్న ఫైలును ఎవరు పంపినా తెరవవద్దు. అది ఫొటో కాదు, శుభలేఖ కాదు, ఒక యాప్. మీ సందేశాలు చదివే అనుమతి సంపాదించి, వచ్చిన ఓటీపీని మీకు తెలియకుండానే దొంగకు చేరవేస్తుంది. "నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు" అని వాపోయేవారిలో చాలామంది నిజమే చెబుతున్నారు. తెలిసినవారి నుండి వచ్చినా నమ్మవద్దు, వారి వాట్సాప్ అప్పటికే దొంగ చేతిలో ఉండవచ్చు.

నాలుగవది, యూపీఐలో సొమ్ము రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టారంటే సొమ్ము పోతోందని అర్థం.

అయిదవది, మన చట్టాలలో ‘డిజిటల్ అరెస్ట్’ అనేది లేదు. వీడియోలో కనిపించే ఖాకీ బట్టలకు భయపడవద్దు.

మొదటి గంట

గుండెపోటులోను, ప్రమాదాలలోను తొలి గంట ఎంత విలువైనదో నా పాఠకులకు తెలుసు. ఇక్కడా అంతే. సొమ్ము ఒక ఖాతా నుండి మరొకదానికి, అక్కడి నుండి పదింటికి చీలిపోయే లోపల దానిని ఆపగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. వెంటనే 1930కి ఫోన్ చేయండి. మీ బ్యాంకుకు తెలియజేసి ఖాతాను, కార్డును నిలిపివేయించండి. ఏదైనా యాప్ ఎక్కించి ఉంటే ఆ ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఈ ఫోన్లన్నీ మరొకరి ఫోను నుండి చేయండి. పాస్‌వర్డులు కూడా మరొక పరికరం నుండే మార్చండి. వచ్చిన సందేశాలను చెరిపివేయవద్దు, అవే సాక్ష్యం. తరువాత ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఫిర్యాదు నమోదు చేయండి. పోయిన సొమ్ము తెప్పిస్తాం, కొంత రుసుము కట్టండని కొన్నాళ్లకు ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండవ మోసమని గుర్తించండి.

ఇంత విలువైన ఆ గంటను వృథా చేసేది సిగ్గు. కొడుకు ఏమంటాడో, కోడలి ముందు ఎలా తలెత్తుకోవాలో అని తండ్రి రెండు రోజులు నోరు విప్పడు. తీరా చెప్పిన తరువాత "మీకు ఎన్నిసార్లు చెప్పాను నాన్నా" అన్న మాట పడుతుంది. ఆ మాట ఒక్క రూపాయిని వెనక్కు తేదు. మళ్లీ ఏదైనా జరిగితే ఆయన చెప్పకుండా ఉండేలా మాత్రం చేస్తుంది. ‘ఆశకు పోయాడు’, ‘ఆ మాత్రం తెలియదా’ అనే మాటలు మోసగాళ్లకు మేలు చేస్తున్నాయని నేను మొదట అన్నది ఇందుకే. సమాజం సిద్ధం చేసి పెట్టిన ఆ సిగ్గు చాటునే దొంగ తప్పించుకుపోతున్నాడు.

సొమ్ము పోయినవారిని కొన్ని వారాలపాటు ఒంటరిగా వదలకండి. నిద్ర పడుతున్నదా, భోజనం చేస్తున్నారా, రోజువారీ మాత్రలు వేసుకుంటున్నారా అని గమనించండి. రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించండి. "నేను ఉండి ఏం లాభం" వంటి మాట వినిపిస్తే తేలికగా తీసుకోవద్దు. టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉండి తల్లిదండ్రులతో ఫోనులో మాట్లాడే పిల్లలకు ఒక మనవి. తెలియని ఫోన్లు ఎత్తవద్దని వారికి మరొకసారి చెప్పవద్దు. డాక్టరు నంబరు పక్కనే 1930 అని పెద్ద అంకెలతో వ్రాసి గోడకు అంటించమనండి. ఆ తరువాత ఈ మాట మీ నోటితో చెప్పండి: "అమ్మా, నాన్నా, ఎప్పుడైనా ఇలాంటిది జరిగితే అర్ధరాత్రయినా సరే ముందు నాకు చెప్పండి. నేను ఒక్క మాట కూడా అనను."